గోటింగెన్ నుంచి చిన్నీకి

గోటింగెన్, జర్మనీ
ఆగస్టు

చిన్నీ,

నీ ఉత్తరం, దాని అడుగున నాన్న పెన్సిల్‌తో రాసిన రెండు ప్రశ్నలూ అందాయి. ఇక్కడికి చదువుకి వస్తున్నావు కనుక నువ్వు గది గురించీ వంట గురించీ పరీక్షల గురించీ అడిగావు. నాన్న గణితశాస్త్రవేత్త గౌస్ గురించి అడిగారు. ముందు నాన్నకే జవాబు చెబుతాను. ఆయన ప్రశ్న పట్టుకుని వెళ్తేనే ఈ ఊరు అర్థమవుతుంది. అమ్మ పక్కన కూర్చుని గట్టిగా చదివి వినిపించు. వంట సంగతి చివర్లో వస్తుందని ముందే చెప్పు.

గోటింగెన్‌లో కోట లేదు, రాజభవనం లేదు. ఊరంతా లక్షా ఇరవై వేలకి దగ్గర జనాభా, అందులో ఇరవై వేలకి పైగా విద్యార్థులే. బ్రిటన్ రాజూ, ఈ ఊరు అప్పట్లో ఉన్న హానోవర్ రాజ్యానికి పాలకుడూ ఒకడే అయిన రెండో జార్జి 1734లో అనుమతి ఇస్తే 1737లో విశ్వవిద్యాలయం లాంఛనంగా మొదలైంది. అప్పటినుంచి ఊరికి చదువే జీవనాధారం. అందుకని ఇక్కడ చూడాల్సినది వీధి చివర ఉండదు, తల ఎత్తితే గోడ మీద ఉంటుంది. పాత ఊళ్ళో ఇళ్ళ గోడలకి తెల్లటి రాతిపలకలు కనిపిస్తాయి. వాటి మీద ఒక పేరు, కొన్ని ఏళ్ళు, అంతే. 1874 నుంచి పెడుతూ వచ్చినవి మూడు వందలు దాటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ అంకెల దగ్గరే పొరపాటు పడతారు. అవి పుట్టిన, పోయిన సంవత్సరాలు కావు, ఆ మనిషి ఆ ఇంట్లో ఉన్న కాలం. ఒక్క ఏడాది కనిపిస్తే అద్దెకున్న విద్యార్థి అయ్యుండవచ్చు, ఇరవై ఏళ్ళు కనిపిస్తే ఇక్కడే స్థిరపడిన ప్రొఫెసర్. 1933తో ముగిసిన పలక కనిపిస్తే మాత్రం ఆగి పేరు చదువు. ఎందుకో కిందికి వచ్చాక చెబుతాను.

గౌస్ 1807లో ఇక్కడి నక్షత్రశాలకి (అబ్జర్వేటరీకి) అధిపతిగా వచ్చి, 1855లో పోయేదాకా ఈ ఊరు వదల్లేదు. 1816లో పూర్తయిన నక్షత్రశాల భవనం పాత ఊరి గోడకి ఆవల, గైస్మార్ రోడ్డు మీద ఇప్పటికీ ఉంది. ఆయన పనిచేసిందీ కాపురమున్నదీ అందులోనే. నాన్నకి నచ్చేది టెలిగ్రాఫ్ కథ. 1833లో గౌస్, భౌతికశాస్త్ర ప్రొఫెసర్ విల్‌హెల్మ్ వేబర్ కలిసి, ఊరి మధ్యలో ఉన్న వేబర్ ప్రయోగశాల నుంచి నక్షత్రశాల దాకా ఇళ్ళ కప్పుల మీదుగా, యోహానిస్ చర్చి గోపురాల మీదుగా తీగ లాగారు. దూరం కిలోమీటరు పైనే. తర్వాత వాళ్ళు స్థిరపరచిన పద్ధతి ఇది: పంపేవైపు నిలబెట్టిన అయస్కాంతం మీద తీగచుట్టని పైకీ కిందకీ కదిలిస్తే తీగలో క్షణకాలం విద్యుత్తు పుడుతుంది. దాని దిశ మార్చడానికి ఒక మీట. అందుకునేవైపు పెద్ద తీగచుట్టలో వేలాడదీసిన బరువైన అయస్కాంత కడ్డీ ఎడమకో కుడికో కొద్దిగా తిరుగుతుంది. ఆ కదలిక కంటికి ఆనదు కనుక కడ్డీకి చిన్న అద్దం బిగించారు. ఆ అద్దంలో పడే కొలబద్ద ప్రతిబింబాన్ని దూరం నుంచి దూరదర్శినితో చదివేవారు. ఎడమ, కుడి కదలికల వరసే అక్షరం. రెండే రెండు గుర్తులతో మాట మొత్తం పంపడం అన్న ఆలోచన ఈ ఊరి ఇళ్ళ కప్పుల మీదుగా నడిచింది. 1845లో పిడుగు పడి తీగ పాడైంది.

ఇదంతా మనసులో పెట్టుకుని పాత ఊరి చుట్టూ ఉన్న కట్ట మీద నడవాలి. మధ్యయుగపు రక్షణ గోడ పోయింది కానీ మట్టికట్ట చాలావరకూ మిగిలింది. పైన చెట్ల నీడలో కాలిబాట, చుట్టి వస్తే మూడు కిలోమీటర్ల పైచిలుకు. ఆగకుండా నడిస్తే గంట, ఆగాల్సినచోట ఆగితే సగం రోజు. దక్షిణం వైపు గౌస్-వేబర్ విగ్రహం వస్తుంది, 1899లో పెట్టినది. గౌస్ కూర్చుని ఉంటాడు, వేబర్ నిలబడి ఉంటాడు. అదే వైపున, 1459 నాటి గోడ బురుజులో మిగిలిన గుండ్రటి చిన్న ఇల్లు ఉంది. తర్వాత జర్మనీ ఛాన్సలర్ అయిన బిస్మార్క్ 1833లో విద్యార్థిగా కొన్నాళ్ళు అందులో ఉన్నాడు. తూర్పువైపు దిగితే ఆల్బానీ శ్మశానం, ఇప్పుడది పార్కు. గౌస్ సమాధి అక్కడే. ఉత్తరం వైపు, కట్ట పక్కన పాత వృక్షశాస్త్ర తోట ఉంది. 1736లో ఇక్కడి ప్రొఫెసర్ ఆల్బ్రెష్ట్ ఫాన్ హాలర్ వేయించినది. కట్ట కింద నుంచి ఒక సొరంగం తోటలో రెండు భాగాలనీ కలుపుతుంది. చలికాలంలో ఎప్పుడైనా మన వాతావరణం కావాలనిపిస్తే అక్కడి గాజుగదుల్లోకి వెళ్ళు. తలుపు తీయగానే కళ్ళజోడు మీద ఆవిరి కమ్మేస్తుంది.

కట్టకి దక్షిణంగా బున్‌జెన్ వీధిలో గణితశాస్త్ర సంస్థ ఉంది. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బుతో కట్టి 1929లో తెరిచారు. లోపల అద్దాల బీరువాల్లో సుద్దతోనూ దారాలతోనూ చేసిన గణిత నమూనాలు వరసగా ఉంటాయి. సమీకరణంగా మాత్రమే తెలిసిన ఉపరితలం చేత్తో పట్టుకునే వస్తువుగా కనిపిస్తుంది. దారాలతో చేసినవి దగ్గరగా చూడమని నాన్నతో చెప్పు. ప్రతి దారమూ తిన్నగా బిగించి ఉంటుంది, అన్నీ కలిస్తే మాత్రం డమరుకంలా నడుము సన్నబడిన వంపు వస్తుంది. తిన్నటి గీతల్లోంచే వంపు పుడుతుందని పిల్లలకి బోర్డు మీద గీసి చెప్పడం ఎంత కష్టమో ఆయనకి తెలుసు. నాన్న ఈ ఊరికి ఒక్కరోజే రాగలిగితే ఆయన్ని నేను తీసుకెళ్ళేది ఇక్కడికే.

ఇప్పుడు 1933 సంగతి. ఆ భవనం తెరిచి నాలుగేళ్ళు కాకుండానే నాజీ ప్రభుత్వం చట్టం చేసి యూదు ఉద్యోగుల్ని తొలగించింది. భౌతికశాస్త్రవేత్త మాక్స్ బోర్న్, గణితశాస్త్రవేత్తలు ఎమ్మీ నోటర్, రిచర్డ్ కూరాంట్ ఉద్యోగాలు పోయాయి. భౌతికశాస్త్రవేత్త జేమ్స్ ఫ్రాంక్ నిరసనగా రాజీనామా చేశాడు. ఎనిమిదేళ్ళ ముందు, 1925లో క్వాంటమ్ యాంత్రికశాస్త్రం మాత్రికల రూపంలో తయారైంది బోర్న్, హైజెన్‌బర్గ్, యోర్డాన్‌ల చేతుల్లో, ఈ ఊళ్ళోనే. రెండు వందల ఏళ్ళు కూడబెట్టిన చదువు ఒక్క వేసవిలో చెదిరిపోయింది. బోర్న్ 1935-36 చలికాలం బెంగళూరులో, సి. వి. రామన్ పిలుపు మీద ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో గడిపాడు. ఆయన్ని అక్కడే ఉంచుకోవాలని రామన్ గట్టిగా ప్రయత్నించాడు, కుదరలేదు. నువ్వు చదవబోయేది భౌతికశాస్త్రమే కాబట్టి ఈ పేర్లు నీకు పాఠ్యపుస్తకంలోవే. అవి ఈ వీధుల్లో తిరిగిన మనుషులవని తెలిసి చదివితే వేరుగా ఉంటుంది.

ఊరి శ్మశానం స్టేషన్‌కి పడమర, కాసెల్ రోడ్డు మీద. శ్మశానానికి వెళ్ళమంటున్నానేమిటని అమ్మ అనుకోవద్దని చెప్పు. ఇక్కడ అది చెట్లూ చెరువూ ఉన్న తోట. ఎనిమిదిమంది నోబెల్ గ్రహీతల సమాధులు అక్కడున్నాయి. భౌతికశాస్త్రవేత్త ప్లాంక్ సమాధి రాతి అడుగున ఆయన పేరుతో పిలిచే స్థిరాంకం విలువ చెక్కి ఉంటుంది. ఒట్టో హాన్ రాతి మీద యురేనియం విచ్ఛిత్తి సమీకరణం. బోర్న్ రాతి మీద క్వాంటమ్ శాస్త్రపు పి క్యూ మైనస్ క్యూ పి సమీకరణం. గణితశాస్త్రవేత్త హిల్బర్ట్ రాతి మీద ఆయన మాటలు: మనం తెలుసుకోవాలి, తెలుసుకుంటాం. ఎండాకాలం సాయంత్రం వెళ్ళు, వెలుతురు తొమ్మిదిన్నర దాకా ఉంటుంది. సమాధుల మీద కూర్చోవడం, పూలు కోయడం చేయకూడదు. మామూలు కుటుంబాలవి కూడా పక్కనే ఉంటాయి.

నువ్వు రోజూ దాటబోయే మెయిన్ క్యాంపస్ చిరునామాయే ఒక చరిత్ర: గోటింగెన్ ఏడుగురి చౌకు. 1837లో హానోవర్ రాజు ఎర్నెస్ట్ ఆగస్ట్ రాజ్యాంగాన్ని రద్దు చేస్తే, దానికి కట్టుబడతామని చేసిన ప్రమాణం తప్పలేమని ఏడుగురు ప్రొఫెసర్లు రాసిచ్చారు. ఏడుగురినీ ఉద్యోగంలోంచి తీసేశారు, ముగ్గుర్ని రాజ్యం నుంచే వెళ్ళగొట్టారు. జానపద కథలు సేకరించిన గ్రిమ్ అన్నదమ్ములిద్దరూ, పైన చెప్పిన వేబరూ ఆ ఏడుగురిలోవాళ్ళే.

మన దేశంతో ముడిపడిన సంగతి కూడా ఉంది నాన్నా. పూనా దక్కన్ కాలేజీలో సంస్కృతం చెప్పిన ఫ్రాంట్స్ కీల్‌హార్న్ 1880లలో ఇక్కడికి ప్రొఫెసర్‌గా వచ్చి 1908లో పోయేదాకా ఉన్నాడు. పతంజలి మహాభాష్యాన్ని పరిష్కరించినది ఆయనే. రెండో పులకేశి ఐహోళె శాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికా అనే శాసనాల పత్రికలో పరిష్కరించి ప్రచురించిందీ ఆయనే. పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడితోనే కదా మన వేంగి చాళుక్యులు మొదలయ్యేది! ఆ పరిష్కరణ చేసేనాటికి ఆయన ఉన్నది ఈ చలిదేశంలోనే.

ఇక పాత టౌన్‌హాల్ ముందు గెన్‌జెలీజెల్, అంటే బాతుల పిల్ల. 1901లో పెట్టిన ఫౌంటెన్ మీద బాతుల్ని పట్టుకున్న చిన్న అమ్మాయి విగ్రహం. ఇప్పుడున్నది నకలు, అసలుది ఊరి మ్యూజియంలో ఉంది. డాక్టరేట్ మౌఖిక పరీక్ష గట్టెక్కినవాళ్ళని స్నేహితులు అలంకరించిన చెక్కబండిలో కూర్చోబెట్టి లాక్కొస్తారు. వాళ్ళు ఫౌంటెన్ ఎక్కి, ఆ పిల్ల బుగ్గ మీద ముద్దుపెట్టి, పూలగుత్తి ఇస్తారు. 1926లో ఊరివాళ్ళు దీన్ని నిషేధించారు, ఎవరూ మానలేదు. బండి వస్తుంటే దారివ్వు, చప్పట్లు కొట్టు. అపరిచితులు కొట్టినా వాళ్ళకి ఆనందమే.

యాకోబి చర్చి లోపలి స్తంభాలు తప్పక చూడు. ఎరుపు, నీలం, తెలుపు రంగుల్లో మడతపెట్టిన కాగితంలా కనిపిస్తాయి, చేత్తో తాకితే నున్నటి స్తంభమే. విల్‌హెల్మ్ చౌకులో ఆవులా భవనం పైన పాతకాలపు విద్యార్థి జైలు ఉంది, గైడ్‌తోనే లోపలికి పంపుతారు. తాగి అల్లరి చేసినవాళ్ళని విశ్వవిద్యాలయమే అక్కడ బంధించేది. వాళ్ళు గోడల నిండా బొమ్మలు గీసి పోయారు. పౌలీనర్ చర్చిలోని పాత గ్రంథాలయానికి చెందిన గూటెన్‌బర్గ్ బైబిల్, తోలుపత్రాల మీద అచ్చయి సంపూర్ణంగా మిగిలిన నాలుగింటిలో ఒకటి. ప్రదర్శనకి పెట్టినప్పుడే చూడగలం.

ఇప్పుడు నీ ప్రశ్నలు.

గోటింగెన్ ఉన్న లోయర్ సాక్సనీ రాష్ట్రంలో బయటిదేశంవాళ్ళకీ ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వ్యూర్టెంబర్గ్ రాష్ట్రంలో అయితే సెమెస్టర్‌కి 1500 యూరోలు కట్టాలి. కానీ సెమెస్టర్ రుసుం ప్రతిసారీ గడువులోపు కట్టాల్సిందే, మర్చిపోతే పేరు కొట్టేస్తారు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో 2024 సెప్టెంబరు నుంచి ఉన్న లెక్కన 11,904 యూరోలు వేయాలి. ఇక్కడికి వచ్చాక నెలకి 992 చొప్పునే చేతికొస్తుంది. మొదటి నెల డబ్బు అందడానికి ఇక్కడి బ్యాంకు ఖాతా కావాలి. ఖాతా తెరవడానికి చాలాచోట్ల చిరునామా నమోదు పత్రం అడుగుతారు. ఆ పత్రం రావాలంటే ఇల్లు ఉండాలి. ఈ గొలుసులో ఏ ఒక్కటి ఆగినా అన్నీ ఆగుతాయి. అందుకే మొదటి నెల ఖర్చులూ గది అడ్వాన్సూ సరిపోయేంత డబ్బు విడిగా, కార్డు రూపంలో తెచ్చుకో.

గదికి ముందు హాస్టల్ దరఖాస్తు పెట్టు, సీటు ఖాయమైన రోజే పెట్టాలి, వరస చాలా పొడుగు. బయట చూస్తే ప్రకటనల్లో రెండు అద్దెలుంటాయి: చల్ల అద్దె, వెచ్చ అద్దె. చల్లది గదికి మాత్రమే, వెచ్చదానిలో హీటింగూ నీళ్ళూ కలుస్తాయి. కరెంటూ ఇంటర్నెట్టూ అందులో ఉన్నాయో లేదో విడిగా అడుగు. డిపాజిట్ చల్ల అద్దెకి మూడు రెట్లకి మించకూడదని చట్టం. తాళం చూపకుండా, నేను విదేశంలో ఉన్నాను, డబ్బు ముందు పంపు అన్నవాడు ఎవరైనా మోసగాడే, ఫోటోలు ఎంత బాగున్నా.

గదిలో దిగిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించాలి. దీన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. పాస్‌పోర్టు, దానితోపాటు నువ్వు ఫలానా తేదీన దిగావని ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. అద్దె ఒప్పందం ఒక్కటీ చూపితే సరిపోదు, చాలామంది అక్కడినుంచి వెనక్కి రావలసి వచ్చేది అందుకే. అపాయింట్‌మెంట్ ముందే పెట్టుకో. నమోదైన కొన్ని వారాలకి రేడియో, టీవీ రుసుం ఉత్తరం వస్తుంది. నీ దగ్గర టీవీ లేకపోయినా ఇంటికి నెలకి 18.36 యూరోలు. కలిసి ఉండేవాళ్ళలో ఒకరు కడితే చాలు, మిగతావాళ్ళు ఆ నంబరు రాసి జవాబివ్వాలి. జవాబివ్వకపోతే బాకీ పెరుగుతుంది.

భౌతికశాస్త్రం ఉత్తర క్యాంపస్‌లో, ఊరికి పైన కొండవైపు. స్టేషన్ దగ్గర్నుంచి అక్కడికి వేగంగా వెళ్ళే సైకిల్ దారి ఉంది, సుమారు నాలుగు కిలోమీటర్లు. పాత సైకిల్ కొనుక్కో, కానీ తాళానికి పొదుపు చేయకు. మందపాటి తాళంతో చక్రాన్ని కాదు, చట్రాన్ని కదలని ఇనుప కమ్మీకి కట్టు. ముందూ వెనకా లైట్లు తప్పనిసరి. డిసెంబరులో సాయంత్రం నాలుగుంబావుకే చీకటి పడుతుంది.

టైమ్‌టేబుల్‌లో గంట పక్కన సి.టి. అని ఉంటే క్లాసు పావుగంట ఆలస్యంగా మొదలవుతుంది, ఎస్.టి. అంటే సరిగ్గా ఆ గంటకే. పరీక్షలకి మాత్రం సర్దుబాటు లేదు. క్లాసుకి వెళ్ళినంత మాత్రాన పరీక్ష రాయనివ్వరు, ఫ్లెక్స్‌నౌ అనే వ్యవస్థలో గడువులోపు విడిగా నమోదు చేసుకోవాలి. మన దగ్గర హాల్‌టికెట్ కాలేజీయే ఇస్తుంది కదా, ఆ అలవాటుతో మొదటి సెమెస్టర్ పోగొట్టుకునేవాళ్ళు ఉంటారు. తయారు కాకపోతే గడువులోపు పేరు తీసేసుకో. జ్వరమొస్తే ఆ రోజే డాక్టర్ సర్టిఫికెట్ తీసుకో. మార్కులు తిరగేసి ఉంటాయి: 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0 దాకా పాసు, 5.0 ఫెయిలు. ఒక క్రెడిట్ అంటే ముప్పై గంటల పని. సెమెస్టర్‌కి ముప్పై క్రెడిట్లంటే తొమ్మిది వందల గంటలు, అది చూసుకుని పార్ట్‌టైమ్ పని ఒప్పుకో. వీసా ప్రకారం ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు.

మధ్యాహ్నం మెన్సాలో, అంటే విద్యార్థుల క్యాంటీన్‌లో తిను. డబ్బు విద్యార్థి కార్డులో ముందే వేసుకోవాలి. శాకాహారం గుర్తు చూసి తీసుకో. కూరగాయల సూప్ అన్నంత మాత్రాన శాకాహారం కాదు, పంది కొవ్వు ముక్కలు వేసినవి ఉంటాయి. ష్పెక్ అన్న మాట కనిపిస్తే అదే.

అమ్మా, వంట. కరెంటు మనలాగే 230 వోల్టులు కాబట్టి మిక్సీ పనిచేస్తుంది, కానీ మూడు పిన్నుల ప్లగ్ ఇక్కడి సాకెట్‌లో పట్టదు. ఎర్త్ ఉన్న అడాప్టరే పంపాలి. ఉత్త రెండు పిన్నుల ప్రయాణపు అడాప్టర్ మిక్సీకి పనికిరాదు. అల్యూమినియం కుక్కర్ గాజు పొయ్యి మీద నడుస్తుంది, ఇండక్షన్ మీద నడవదు. ఏది ఉంటుందో తెలియదు కాబట్టి అడుగున అయస్కాంతం అతుక్కునే స్టీలు కుక్కర్ కొను. గాజు పొయ్యి ఆపాక కూడా వేడి నిలిచి ఉంటుంది. పోపు గింజలు చిటపటలాడగానే మూకుడు పక్కకి తీయాలి, మంట తగ్గించినట్టు బటన్ తగ్గిస్తే ఎండుమిరపకాయలు మాడిపోతాయి. ఆ ఘాటుకి హాలులో పొగ అలారం మోగుతుంది. వంటింటి తలుపు వేసి, కిటికీ పూర్తిగా తెరిచి, చిమ్నీ ముందే వేసి అప్పుడు పోపు పెట్టాలి.

అన్నిటికన్నా ముఖ్యం బూజు. అన్నం, పప్పు ఉడికిన ఆవిరి, గదిలో ఆరేసిన బట్టల తడి, రెండూ చల్లటి గోడమూలకి చేరి నీరవుతాయి. వారం తిరక్కుండా బీరువా వెనక నల్లమచ్చలు వస్తాయి, ఖాళీ చేసే రోజున డిపాజిట్‌లో కోస్తారు. కిటికీ పై భాగం కొద్దిగా వంచి రోజంతా వదిలేయడం అందరూ చేసే తప్పు. గాలి మారదు, గోడ మాత్రం చల్లబడుతుంది, తడి ఇంకా పడుతుంది. రోజుకి మూడుసార్లు, హీటర్ ఆపి, కిటికీ బార్లా తెరిచి ఐదు నిమిషాలు ఉంచి మూసేయాలి. బీరువాని బయటి గోడకి నాలుగు వేళ్ళ దూరం జరిపి పెట్టాలి.

కందిపప్పు, చింతపండు, సోనా మసూరి భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి, పెట్టెలో బరువు వద్దు. గుంటూరు కారం, ఇంగువ, ఇంట్లో కొట్టిన సాంబారు పొడి చాలు. పాలు, నెయ్యి, మాంసం కలిసినవి బయటిదేశం నుంచి తేనివ్వరు కాబట్టి నేతి మిఠాయిలు పెట్టవద్దు. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు, శనివారం సాయంత్రానికే సరుకులు చూసుకోవాలి. ఒక్కసారి వాడే ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు పారేయకు చిన్నీ, ఒక్కోదానికి 25 సెంట్లు డిపాజిట్ కట్టి ఉంటాం. సూపర్‌మార్కెట్ మెషిన్‌లో వేస్తే రసీదు వస్తుంది. సీసా నలిపితే మెషిన్ చదవలేదు.

అడ్మిషన్ లెటర్, బీమా పత్రం, డిగ్రీ, జనన ధృవీకరణ అన్నీ ఒరిజినల్స్ చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైలు రెండు గంటలకి అటూ ఇటూ. చవక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది, విమానం దిగాక కనీసం మూడు గంటలు వదిలి కొను. స్టేషన్‌కి నేను వస్తాను. నాన్న అడిగిన రెండో ప్రశ్నకి, గౌస్ సమాధి ఫోటోకి, ఇంకా జవాబివ్వలేదు. అది నువ్వు వచ్చిన వారానికి ఇద్దరం వెళ్ళి తీసి పంపుదాం. అక్టోబరులో అక్కడి చెట్లు పసుప్పచ్చగా ఉంటాయి.

మీ
అక్క